తడి, పొడి చెత్తలను వేరు చేసినా ఆటోలో కలిసిపోతున్నాయి. ఇంట్లో ఏం చేయవచ్చు?

నాగోలు నివాసి:
సభ్యులందరికీ నమస్కారం. 2015లో మన హైదరాబాద్ నగరంలో ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచినప్పటి నుంచి మా ఇంట్లో తడి చెత్తను, పొడి చెత్తను విడివిడిగానే ఉంచుతున్నాము. ఉదయం వచ్చే ఆటోలో మాత్రం రెండింటినీ ఒకే చోట కుమ్మరిస్తున్నారు. ఇంత శ్రమ ఎవరి కోసమని మా అత్తగారు అడిగితే సమాధానం చెప్పలేకపోతున్నాను. పాత సామాన్లు కొనే అతను దినపత్రికలు, అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు తీసుకుంటాడు కానీ చిప్స్ ప్యాకెట్లను, బిర్యానీ వచ్చే నల్ల డబ్బాలను ముట్టుకోడు. డబ్బా అడుగున త్రికోణంలో 5 అనే అంకెను చూపించినా తల అడ్డంగా ఊపాడు. ఆ గుర్తు ఉంటే తిరిగి వాడుకోవచ్చనే కదా అర్థం?

ఉప్పల్ నుంచి:
కాదండీ. నేను ప్లాస్టిక్ దానా, అంటే పాత ప్లాస్టిక్‌ను కరిగించి చేసే గింజలు, తయారుచేసే చిన్న పరిశ్రమలో కొన్నేళ్లు లెక్కలు రాశాను. 1 నుంచి 7 వరకు ఉండే ఆ అంకె అది ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుందే తప్ప, దానిని ఎవరైనా కొంటారని హామీ ఇవ్వదు. 5 అంటే పాలీప్రొపిలీన్. అది కరుగుతుంది, మళ్లీ వస్తువూ అవుతుంది. అయితే నల్ల రంగు కలిసిన దానాతో నల్ల వస్తువే చేయాలి, పైగా నూనె అంటిన డబ్బాను కడగడానికయ్యే ఖర్చు దాని ధరను మించిపోతుంది. చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్ పొరకు పలుచని అల్యూమినియం పూత అతుక్కుని ఉంటుంది కనుక వాటిని విడదీయడం గిట్టుబాటు కాదు. పాల ప్యాకెట్లు అలా కాదు, అవి పాలిథీన్. కడిగి ఆరబెట్టి కట్టగా ఇస్తే మీ పాత సామాన్ల అతను కొనే అవకాశం ఉంది. కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంపకండి, ఆ చిన్న ముక్కలను ఏరేవారు ఉండరు.

సైనిక్‌పురి గృహిణి:
మీ అత్తగారి ప్రశ్న న్యాయమైనదే. కానీ కూరగాయల తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం ఇల్లు దాటకపోతే, ఆటోలో ఎలా కలిపినా మీ కాగితాన్ని మీ తడి చెత్త పాడుచేయదు. అందుకే నేను ముందుగా తడి చెత్తపైనే దృష్టి పెట్టాను. పక్కలకు, అడుగుకు రంధ్రాలు చేసిన పాత బకెట్టులో కొబ్బరి పొట్టు పరిచి, ప్రతిరోజూ వేసే తొక్కలపై గుప్పెడు ఎండుటాకులు చల్లి, వారానికొకసారి పుల్ల మజ్జిగ చిలకరిస్తూ కలియబెడితే సుమారు రెండు నెలల్లో ఎరువు తయారవుతుంది. దుర్వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని తెలుసుకుని ఎండుటాకులు పెంచితే సరిపోతుంది. ఎముకలు, చేప ముళ్లు మాత్రం వేయకండి. మామిడికాయల రోజుల్లో బకెట్టు ఒకటి చాలదు, ఆవకాయ పెట్టే ఇళ్లవారికి ఇది ముందే చెప్పాలి! మిగిలిన మజ్జిగను మా కరివేపాకు మొక్కకూ పోస్తాను.

మల్కాజిగిరి నుంచి:
నగరపు చెత్త చేరే జవహర్‌నగర్‌లో 2020 నుంచి చెత్తతో విద్యుత్తు ఉత్పత్తి చేస్తున్నారు కాబట్టి మనం బాధపడనక్కర్లేదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. తడి చెత్తను కాల్చితే వేడిలో చాలా భాగం అందులోని నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ఇక నల్ల డబ్బాలకు నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే: దగ్గరి హోటలుకు మన స్టీలు క్యారియర్ తీసుకువెళ్లి అందులోనే కట్టించుకోవడం. మొదట కౌంటరులో విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటు పడ్డారు. వాడేసిన బ్యాటరీలు, కాలం తీరిన మందులు, పగిలిన బల్బులను తడి, పొడి చెత్తలతో కలపకుండా విడిగా ఉంచాలి. డైపర్లను కాగితంలో చుట్టి ఇవ్వాలి.

నాగోలు నివాసి:
అందరికీ ధన్యవాదాలు. ఈరోజు పాత సామాన్ల అతన్ని పాల ప్యాకెట్ల సంగతి అడిగితే, తడి లేకుండా ఇస్తే కిలోల లెక్కన తీసుకుంటానన్నాడు. బకెట్టుకు రంధ్రాలు చేసే పని మా అత్తగారే తీసుకున్నారు. అపార్ట్‌మెంటులో ఎండుటాకులు ఎక్కడ దొరుకుతాయి?

సైనిక్‌పురి గృహిణి:
మీ వీధి ఊడ్చేవారు ఉదయం ఆకులను కుప్పగా చేస్తారు. వాటికి నిప్పంటించకముందే వెళ్లి అడిగితే సంచి నిండా ఇస్తారు.