‘ది థింగ్’ బ్లూరే: ఏది కొనాలి?

రాత్రిపక్షి: 1982 నాటి ఈ సినిమా నాకు కంఠతా వచ్చు. కావలసింది తెర వెనుక కథ. 2008 డిస్కా, 2016లో షౌట్ ఫ్యాక్టరీ తెచ్చినదా?

పాతరీలు: 2016దే. ఈ సినిమా ఎలా తీశారో చెప్పే ‘టెర్రర్ టేక్స్ షేప్’ డాక్యుమెంటరీని 2008 డిస్కులో సినిమా మూలన చిన్న కిటికీలో ఇరికించారు. తపాలా బిళ్ల మీద పెళ్లి వీడియో చూసినట్టే! అన్నట్టు, డాక్టర్ చేతులు తెగే సన్నివేశంలో నిజంగానే చేతులు లేని మనిషికి నకిలీ చేతులు అమర్చారు.

మంచుగడ్డ: దర్శకుడు కార్పెంటర్, హీరో కర్ట్ రస్సెల్ సినిమా నడుస్తుండగా చెప్పే వ్యాఖ్యానం వదలకండి. ఇద్దరి నవ్వులూ విని మా అమ్మ “ఇది భయపెట్టే సినిమాయేనా?” అని అడిగింది.

పాతరీలు: ఒక్క మాట. బ్లూరేలకు ప్రాంతాలవారీ తాళం (రీజియన్) ఉంటుంది; 2016ది ‘ఏ’ రీజియన్ డిస్కు, మన దేశానిది ‘సి’. ముందు మీ ప్లేయర్ చూసుకోండి.

రాత్రిపక్షి: అయ్యో, డబ్బు కట్టేశానండీ!