పికిల్‌బాల్ సర్వ్: బ్యాక్‌హ్యాండ్ మూలకా, లోతుగా మధ్యలోకా?

డాలస్_డబుల్స్:
మా గ్రూపులో వారం నుంచి ఇదే గొడవ. నా పార్ట్‌నర్ ప్రతి సర్వూ అవతలివాళ్ల బ్యాక్‌హ్యాండ్ మూలకే కొడతాడు, నాలుగింట్లో ఒకటి బయటికి పోతోంది. అడిగితే "పోతే వాళ్లకేం పాయింట్ రాదుగా" అంటాడు. నిజమే, సర్వ్ చేసేవాళ్లకే పాయింట్ వచ్చే సైడ్ అవుట్ స్కోరింగ్‌లో రాదు. కానీ టెన్నిస్‌లోలా రెండో సర్వ్ లేదు, మనకి పాయింట్ వచ్చేదే సర్వ్ మన దగ్గర ఉన్నప్పుడు, దాన్ని చేజేతులా ఎందుకు వదులుకోవాలి? సర్వ్ పడాల్సిన బాక్సు వెడల్పు 10 అడుగులు, మధ్యలోకి లోతుగా, అంటే వెనక గీత (బేస్‌లైన్) దగ్గర పడేలా కొడితే చాలదా?

ఫోర్‌హ్యాండ్:
మీ పార్ట్‌నర్‌దే కరెక్ట్. మధ్యలోకి వేస్తే ఫోర్‌హ్యాండ్‌తో బాది హాయిగా కిచెన్ (నెట్ పక్కన, బంతిని గాల్లో కొట్టకూడని చోటు) దగ్గరికి వచ్చేస్తారు. బలహీనత ఎక్కడుంటే అక్కడే కొట్టాలి.

కిచెన్_గీత:
"బ్యాక్‌హ్యాండ్‌కి వెయ్యి" అని అందరూ ఒక్క మాటలో అనేస్తారు గానీ రెండు బాక్సుల్లో అది ఒకటే షాట్ కాదండీ. కుడి బాక్సులో ఉన్న కుడిచేతివాటం ఆటగాడికి బ్యాక్‌హ్యాండ్ సెంటర్ లైన్ వైపు ఉంటుంది, అక్కడ వేస్తే అతనికి పెద్ద యాంగిల్ దొరకదు, తప్పకుండా వెయ్యండి. ఎడమ బాక్సులో అదే బ్యాక్‌హ్యాండ్ సైడ్‌లైన్ వైపు. మూలకి లాగితే అతను కోర్టు బయటికి వెళ్తాడు, సరే, కానీ అక్కడి నుంచి వాలుగా క్రాస్ కోర్టు కొట్టాడంటే మీరూ బయటికి పరిగెత్తాల్సిందే, రెండు బౌన్సుల రూలు (సర్వ్, రిటర్న్ రెండూ నేలపై పడ్డాకే కొట్టాలి) వల్ల ఆ బంతిని గాల్లో అందుకోవడానికి కూడా లేదు. నేనైతే ముందు లోతే చూస్తాను. రిటర్న్ కొట్టాక అతను బేస్‌లైన్ నుంచి కిచెన్ గీత దాకా 15 అడుగులు రావాలి. బంతి కాళ్ల దగ్గర పడితే వెనక్కి జరిగి కొడతాడు, మన మూడో షాట్ వెళ్లేసరికి ఇంకా దారిలోనే ఉంటాడు. పొట్టిగా పడ్డ సర్వ్ ఎంత మంచి మూలలో పడినా అతన్ని మనమే ముందుకి పిలిచినట్టు.

ఫోర్‌హ్యాండ్:
గాలి ఉన్న రోజు లోతుగా కొట్టినా బయటికే పోతుంది కదా?

కిచెన్_గీత:
పోతుంది. గాలి వెనక నుంచి వీస్తుంటే బేస్‌లైన్‌కి నాలుగడుగులు లోపల గురిపెడతాను. ఎదురుగాలి అయితే భయం లేదు, గట్టిగానే కొడతాను.

డాలస్_డబుల్స్:
ఈ కుడి, ఎడమ తేడా మేమెవ్వరం ఆలోచించలేదు. శనివారం కుడి వైపు సెంటర్ లైన్ దగ్గరికి, ఎడమ వైపు మధ్యలోకి లోతుగా కొట్టమంటాను. ఎన్ని బయటికి పోయాయో, ఎన్నిటికి పాయింట్ వచ్చిందో రాసుకుని ఇక్కడ పెడతాను.