అప్‌డేట్: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో బిట్ కౌంట్ స్పీడ్ సంగతి

ముందు నేను అడిగింది ఇదే, తిరుపతి లాడ్జీల బుకింగ్ సాఫ్ట్‌వేర్‌లో రూమ్ ఖాళీగా ఉంటే 0, బుక్ అయితే 1 అని పొడుగాటి బైట్ఏ (బైట్లు వరసగా దాచే రకం) కాలమ్‌లో దాచుకుంటాం, బ్రహ్మోత్సవాల టైంలో రిపోర్ట్ తీస్తే 1లు ఎన్ని ఉండాయో లెక్కేసే బిట్_కౌంట్ ఫంక్షన్ దగ్గరే సీపీయూ అంతా పోతా ఉండాదని. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 17 వేయమని ఒకన్న చెప్పినాడు కదా, అదే పని చేసిందన్నా!

ప్రాసెసర్‌లో 1లు లెక్కేసే మామూలు పాప్‌కౌంట్ ఇన్‌స్ట్రక్షన్ ఒకసారికి 64 బిట్లే లెక్కేస్తాది, 17లో ఏవీఎక్స్-512 (ఒకేసారి 512 బిట్ల మీద పనిచేసే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లు)తో ఎనిమిది 64-బిట్ ముక్కల్ని ఒకే దెబ్బకు లెక్కేస్తాది, క్వెరీలో ఒక్క అక్షరం కూడా మార్చే పన్లేదు, ప్రాసెసర్‌కి ఆ శక్తి ఉందా లేదా అని రన్ అయ్యేటప్పుడు అదే చూసుకుంటాది.

అయితే 17 వేసిన వెంటనే తేడా ఏం రాలే. డేటాబేస్ నడిచే వీఎం (వర్చువల్ మెషిన్) లోపల ప్రాసెసర్ వివరాలు చూపే ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టి చూస్తే ఫ్లాగ్స్‌లో ఈ లెక్కకి కావాల్సిన ఏవీఎక్స్512_వీపాప్‌సీఎన్‌టీడీక్యూ కనపడలే, బయట హోస్ట్‌లో (వీఎంని నడిపే అసలు మెషిన్‌లో) మాత్రం ఉంది! వీఎంలను నడిపే కేవీఎంలో సీపీయూ మోడల్ హోస్ట్-పాస్‌త్రూ (హోస్ట్ ప్రాసెసర్‌ని ఉన్నదున్నట్టు వీఎంకి చూపేది) పెట్టి వీఎం పూర్తిగా ఆపి మళ్ళీ లేపితే వచ్చేసింది, రిపోర్ట్ ఇప్పుడు బాగా ఫాస్ట్‌గా వస్తా ఉండాది, చాలా సంతోషం.

మీ కాలమ్‌లో ఉండేవి కొన్ని బైట్లే అయితే దీనికోసం అప్‌గ్రేడ్ చేయాకండి, అక్కడ టైమంతా రో చదవడానికే పోతాది. ఆర్మ్ (ఇంకో రకం ప్రాసెసర్) సర్వర్ సంగతి అడిగినాయనకి, దానికి ఏవీఎక్స్ లాంటిదే అయిన ఎస్‌వీఈ సపోర్ట్ పోస్ట్‌గ్రెస్ 18లో వచ్చింది.