నీళ్ళలో ఫ్లోరైడ్ 1.8 వచ్చింది, పిల్లలకి ఫ్లోరైడ్ పేస్ట్ ఆపేయాలా?

ఇద్దరుపిల్లలఅమ్మ:

అందరికీ నమస్కారం. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా పెద్దాడికి ఎనిమిదిన్నరేళ్ళు, చిన్నదానికి రెండేళ్ళ నాలుగు నెలలు. పెద్దాడికి పాల పళ్ళు ఊడి ముందర కొత్త పళ్ళు వచ్చినప్పటి నుంచీ చూస్తున్నా, వాటి మీద సుద్దముక్కతో అడ్డంగా గీసినట్టు తెల్ల చారలు ఉన్నాయి. తడిగా ఉన్నప్పుడు అంత తెలీదు, కాసేపు నోరు తెరిచి పళ్ళు ఆరితే మాత్రం బాగా కనిపిస్తాయి. మేం మొదటి నుంచీ బోరు నీళ్ళే తాగుతున్నాం. అనుమానమొచ్చి టెస్ట్ చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకి 1.8 మిల్లీగ్రాములు అని వచ్చింది.

అది చూడగానే భయమేసి ఇంట్లో ఉన్న ఫ్లోరైడ్ పేస్ట్ తీసేసి ఇద్దరికీ ఫ్లోరైడ్ లేని పేస్ట్ పెట్టాను, అది రెండు నెలల కిందటి మాట. ఇప్పుడు చిన్నదానికి కూడా పై ముందు పళ్ళ మీద, చిగురు అంచున, తెల్లగా గీతలా కనిపిస్తోంది. దానికీ ఫ్లోరైడ్ పట్టేసిందా? రాత్రి పాల సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతుంది, ఇంకా మాన్పించలేకపోయా. ఆర్వో పెట్టిద్దామంటే, ఆ నీళ్ళలో ఏమీ ఉండదు, పళ్ళు పుచ్చిపోతాయి అని మా ఆడపడుచు అంటోంది. ఎవరి మాట వినాలో అర్థం కావట్లేదు, తెలిసినవాళ్ళు చెప్పండి.

వెన్నెలదారి:

అక్కా, మంచి పని చేశారు, పేస్ట్ మాత్రం మళ్ళీ మొదలుపెట్టకండి. నీళ్ళలోనే అంత ఉంటే మళ్ళీ పేస్ట్‌లో కూడా ఎందుకు. పిల్లలు ఎలాగూ మింగేస్తారు. నేనైతే మా బాబుకి ఏడేళ్ళు వచ్చేదాకా పెట్టను.

పిల్లలపళ్ళడాక్టర్:

అమ్మా, నేను పిల్లల డెంటిస్ట్‌ని, ఇరవై ఏళ్ళ పైనుంచి ఇదే పని. చూడకుండా రోగం పేరు చెప్పకూడదు, కానీ మీరు రాసిన తీరుని బట్టి మీ ఇంట్లో రెండు రకాల తెలుపులు ఉన్నట్టున్నాయి, రెండూ ఒకటి కాదు, ఇంకా చెప్పాలంటే ఒకదానికొకటి వ్యతిరేకం.

ముందు పెద్దబాబు సంగతి. కొత్త పళ్ళు బయటికొచ్చేసరికే చారలు ఉన్నాయన్నారు, రెండు పళ్ళ మీదా ఒకేలా అడ్డంగా ఉన్నాయన్నారు, నీళ్ళలో 1.8 ఉంది, కాబట్టి ఇది డెంటల్ ఫ్లోరోసిస్ అయ్యే అవకాశం ఎక్కువ. పన్ను చిగురు లోపల ఎముకలో తయారవుతున్నప్పుడు ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్, అంటే పన్ను పైనుండే గట్టి పొర, సరిగ్గా గట్టిపడదు, లోపల సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి, అదే తెల్లగా కనిపించేది. ముందు పళ్ళకి బాగా ప్రమాదమైన కాలం సుమారు ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ మధ్య. అంటే ఈ రోజు మీరు చూస్తున్న చార సుమారు ఆరేడేళ్ళ కిందటి నీళ్ళది. పన్ను బయటికి వచ్చాక కొత్తగా ఫ్లోరోసిస్ రాదు. బాబుకి ఎనిమిదేళ్ళు దాటాయి కాబట్టి, జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్ళ ఎనామిల్ దాదాపు తయారైపోయినట్టే.

ఇక పాప. చిగురు అంచు వెంబడి పై ముందు పళ్ళ మీద తెల్ల గీత, రాత్రంతా సీసా, రెండు నెలలుగా ఫ్లోరైడ్ లేని పేస్ట్. నాకు ఇక్కడ కనిపిస్తున్నది ఫ్లోరోసిస్ కాదు, పుచ్చు మొదలవ్వడం. పై ముందు పాల పళ్ళ ఎనామిల్ చాలావరకు కడుపులో ఉండగానే తయారవుతుంది, మిగతాది పుట్టిన కొద్ది నెలల్లో అయిపోతుంది, అందుకే పాల పళ్ళలో ఫ్లోరోసిస్ తక్కువగానే చూస్తాం. సీసా పాలు రాత్రంతా పళ్ళ మీద నిలిస్తే నోట్లో బ్యాక్టీరియా ఆ చక్కెరని తిని యాసిడ్ వదుల్తుంది, పీహెచ్ (యాసిడ్ ఎంతుందో చెప్పే కొలత, తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) 5.5 కంటే కిందకి పడితే ఎనామిల్ లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి పోవడం మొదలవుతుంది. మొదట కనిపించేది ఈ తెల్ల గీతే, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత గుంట.

సంతోషించాల్సిన విషయం ఏంటంటే గుంట పడకముందు, తెల్ల గీత దశలో దాన్ని వెనక్కి తిప్పొచ్చు, తిప్పడానికి కావాల్సిందే ఫ్లోరైడ్. లాలాజలంలో కొద్దిగా ఫ్లోరైడ్ ఉంటే పోయిన కాల్షియం, ఫాస్ఫేట్ మళ్ళీ పన్నులోకి త్వరగా చేరతాయి, అలా కట్టుకున్న పొర ముందున్న దానికంటే యాసిడ్‌ని బాగా తట్టుకుంటుంది. మీరు భయపడి తీసేసిన పేస్టే పాపకి ఇప్పుడు అవసరమైన మందు. మిమ్మల్ని తప్పు పట్టట్లేదమ్మా, ఆ రిపోర్ట్ చూస్తే ఎవరైనా అదే చేస్తారు.

పేస్ట్ మింగేస్తుందనే భయానికి లెక్క చెప్తా చూడండి. వెయ్యి పీపీఎం పేస్ట్, అంటే గ్రాముకి ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్నది, ఒక బియ్యపు గింజంత అంటే సుమారు 0.1 గ్రాము, అందులో ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. రెండు పూటలా మొత్తం మింగేసినా 0.2. మీ బోరు నీళ్ళు ఒక్క లీటరు తాగితే 1.8. తీయాల్సింది ఎక్కడో మీకే తెలుస్తుంది. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత, పేస్ట్ మీరే వేయండి, ట్యూబ్ వాళ్ళ చేతికివ్వకండి. ఉమ్మేయడం వచ్చాక ఉమ్మేయమనండి కానీ నీళ్ళతో పుక్కిలించనివ్వకండి, పుక్కిలిస్తే పన్ను మీద నిలవాల్సింది కాస్తా కొట్టుకుపోతుంది. ఏడెనిమిదేళ్ళ దాకా పక్కనుండి తోమించాలి.

సీసా మాత్రం మాన్పించాల్సిందే. ఒక్క రాత్రిలో కాదు, పాలు కొంచెం కొంచెం పలచన చేస్తూ పోయి చివరికి మంచి నీళ్ళు పెట్టండి. పాపని వారంలోగా డెంటిస్ట్‌కి చూపించండి, పళ్ళ మీద పూసే ఫ్లోరైడ్ వార్నిష్ వేయమంటారేమో అడగండి.

వెన్నెలదారి:

సర్, అయితే నేను చెప్పింది తప్పేనా? మా బాబుకి నాలుగేళ్ళు, ఇంతవరకు ఫ్లోరైడ్ పేస్ట్ అసలు పెట్టలేదు.

పిల్లలపళ్ళడాక్టర్:

ఈ రాత్రి నుంచే బఠాణీ గింజంత మొదలుపెట్టండమ్మా. మీ నీళ్ళు కూడా ఒకసారి టెస్ట్ చేయించండి. నీళ్ళలో ఎంతుందో తెలీకుండా పేస్ట్ గురించి భయపడటం వల్ల లాభం లేదు.

గారపళ్ళమనిషి:

నాకు నలభై రెండేళ్ళు. మా పళ్ళు గార పళ్ళు. మా క్లాసులో సగం మందివి అంతే, చిన్నప్పుడు అందరి పళ్ళూ ఇలాగే ఉంటాయనుకున్నా. చదువు కోసం బయటికి వెళ్ళాక ఒకడు, పళ్ళు తోముకోవా అన్నాడు. ఆ రోజు నుంచి నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది, పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా నా పళ్ళు కనిపించవు. బొగ్గు పెట్టి తోమాను, ఉప్పు పెట్టి తోమాను, చిగుళ్ళు రక్తం కారాయి తప్ప మచ్చ కదల్లేదు, ఎందుకంటే అది పైన పట్టిన మురికి కాదు, పన్ను లోపలిదే.

ముప్పై ఎనిమిదేళ్ళకి ధైర్యం చేసి డెంటిస్ట్ దగ్గరికెళ్ళా. నావి గోధుమ రంగు మచ్చలు కాబట్టి పై పొర సన్నగా అరగదీసే మైక్రో అబ్రేషన్ చేసి, తర్వాత కొంచెం బ్లీచింగ్ చేసి, బాగా గుంటలున్న రెండు పళ్ళకి పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్ వేశారు. అద్దంలో చూసుకుని చాలాసేపు మాట్లాడలేకపోయా. అక్కా, మీ బాబువి తెల్ల చారలే కాబట్టి అంత అవసరం రాకపోవచ్చు, రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అని ఒకటుంది, ఆ రంధ్రాల్లోకి రెసిన్ అనే పల్చటి జిగురు లాంటిది పట్టిస్తారు, చార పక్క ఎనామిల్‌లో కలిసిపోతుంది. ఇప్పుడే ఏం తొందర లేదు. మీరు ఒక్కటి చెయ్యండి, వాడు స్కూల్లో ఎవరైనా ఏమైనా అన్నారా అని అడగండి. నన్ను ఎవరూ అడగలేదు.

నీళ్ళల్యాబ్:

నేను నీళ్ళ టెస్టింగ్ ల్యాబ్‌లో చేస్తా, నీళ్ళ వరకు నేను చెప్తా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. 1.8 అంటే భయంకరమైన అంకె కాదు కానీ పిల్లలున్న ఇంట్లో తాగే నీళ్ళకి వద్దు. కాచితే పోతుందనుకుంటారు చాలామంది, పోదు, నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ మిగిలి ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్, మామూలు కార్బన్ ఫిల్టర్, యూవీ వీటితో కూడా పోదు. ఆర్వో తీస్తుంది, యాక్టివేటెడ్ అల్యూమినా తీస్తుంది, ఎముకల బొగ్గుతో చేసినది కూడా తీస్తుంది, పటిక, సున్నం కలిపి తేరుకోనిచ్చే నల్గొండ టెక్నిక్ అని ఒకటుంది, అది ఎక్కువగా ఊరంతటికీ కలిపి చేసేది. ఇంటికైతే ఆర్వో సులువు.

టీడీఎస్ మీటర్ పెట్టి చూసి నీళ్ళు బాగున్నాయనేవాళ్ళ మాట నమ్మకండి, అది మొత్తం లవణాలు చెప్తుంది తప్ప ఫ్లోరైడ్ సంగతి దానికి తెలీదు. ఇంకో మాట, నీళ్ళు మెత్తగా ఉండి సబ్బు బాగా నురగొస్తే మంచి నీళ్ళనుకుంటాం కదా, కాల్షియం తక్కువున్న ఆ నీళ్ళలోనే చాలాసార్లు ఫ్లోరైడ్ ఎక్కువ చూస్తుంటాం. కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్‌ని పట్టుకుని నీళ్ళలో నిలవనివ్వదు, తక్కువుంటే రాళ్ళలోంచి కరిగిందంతా నీళ్ళలోనే ఉండిపోతుంది. నీళ్ళు చూస్తే తళతళలాడుతుంటాయి, రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు.

ఆర్వో పెట్టించాక బయటికొచ్చే నీళ్ళు కూడా టెస్ట్ చేయించండి, మెంబ్రేన్ పాతబడితే తీయడం తగ్గుతుంది. శాంపిల్ ప్లాస్టిక్ సీసాలోనే పట్టండి, గాజు సీసా వద్దు. తాగడానికే కాదు వంటకీ, పాపకి పాలపొడి కలిపితే దానికీ ఆ నీళ్ళే వాడండి. స్నానానికి, బట్టలకి బోరు నీళ్ళు పర్లేదు.

ఒకడౌట్:

అసలు ఫ్లోరైడ్ మెదడుకి మంచిది కాదని, పిల్లల ఐక్యూ తగ్గుతుందని వీడియోలు వస్తున్నాయి కదండీ, అమెరికాలో పళ్ళు పుచ్చకుండా నీళ్ళలో ఫ్లోరైడ్ కలుపుతారు, కొన్ని రాష్ట్రాలు అలా కలపడమే బ్యాన్ చేశాయి. మరి మీరు పేస్ట్ వాడమంటున్నారు?

పిల్లలపళ్ళడాక్టర్:

అడగాల్సిన ప్రశ్నే. ఆ వీడియోల్లో రెండు విషయాలు కలిపేస్తున్నారు, విడదీసి చెప్తా.

అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024లో ఒక నివేదిక ఇచ్చింది, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగే చోట్ల పిల్లల ఐక్యూ తక్కువగా ఉండటానికి సంబంధం ఉందని, తమకి దాని మీద ఒక మోస్తరు నమ్మకం ఉందని చెప్పింది. అక్కడ నీళ్ళలో కలిపే 0.7 దగ్గర అలా జరుగుతుందా అని తేల్చడానికి సరిపడా ఆధారం లేదని కూడా అందులోనే ఉంది. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు కలపడం ఆపేశాయి, నిజమే. అదే ఏడాది కెనడాలో కాల్గరీ సిటీ మళ్ళీ కలపడం మొదలుపెట్టింది, 2011లో ఆపేశాక పిల్లల్లో పుచ్చు పెరిగిందని అక్కడి పరిశోధనల్లో తేలింది.

నీళ్ళలో తక్కువ ఉన్నవాళ్ళు కొంచెం కలపాలా వద్దా అన్నది వాళ్ళ వాదన. ఈ అమ్మ ఇంట్లో భూమే ఎక్కువ కలిపి ఇస్తోంది, కాబట్టి ఆ నివేదికలోంచి ఈమె తీసుకోవాల్సింది నీళ్ళు మార్చడం గురించే. పేస్ట్ పని వేరు, అది పన్ను పైనే పనిచేస్తుంది, కడుపులోకి వెళ్ళాల్సిన పని లేదు.

అసలు ఈ కథ మొదలైందే మచ్చల పళ్ళతో. 1901లో ఫ్రెడరిక్ మెక్కే అనే డెంటిస్ట్ అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ ఊరికి వెళ్తే అక్కడి జనం పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు కనిపించాయి, ఏళ్ళ తరబడి కారణం వెతికాడు, వెతుకుతుంటే ఆ మచ్చల పళ్ళు పుచ్చడం తక్కువని గమనించాడు. నీళ్ళలో ఫ్లోరైడ్ అని 1931లో బయటపడింది. ఆ తర్వాత డీన్ అనే ఆయన ఊరూరా పళ్ళు లెక్కపెట్టి లీటరుకి ఒక మిల్లీగ్రాము దగ్గర పుచ్చు బాగా తగ్గుతుంది, మచ్చలు పెద్దగా రావు అని చూపించాడు, 1945 జనవరిలో అక్కడి గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్ళో మొదటిసారి నీళ్ళలో కలిపారు. అప్పట్లో ఫ్లోరైడ్ పేస్టులు లేవు. ఇప్పుడు ఉన్నాయి, అందుకే ఆర్వో నీళ్ళు తాగినా రెండు పూటలా ఆ పేస్ట్‌తో తోమితే పళ్ళకి కావాల్సింది అందుతుంది, మీ ఆడపడుచుకి అదే చెప్పండమ్మా.

ఇద్దరుపిల్లలఅమ్మ:

మూడు వారాలైంది, అప్‌డేట్ ఇస్తున్నా, ముందు అందరికీ చాలా చాలా థాంక్స్.

పాపని చూపించాం. డాక్టర్ గారు సార్ చెప్పిందే చెప్పారు, ఫ్లోరోసిస్ కాదు, పుచ్చు మొదలు. పళ్ళు గాజుగుడ్డతో తుడిచి చిన్న బ్రష్‌తో వార్నిష్ రాశారు, అర నిమిషం కూడా పట్టలేదు, ఏడ్చేలోపే అయిపోయింది. పళ్ళు పసుపుపచ్చగా కనిపించేసరికి కంగారుపడ్డా, మర్నాడు తోమితే పోతుంది, ఆ రాత్రికి తోమొద్దన్నారు. సీసాలో పాలు పలచన చేస్తూ ఇప్పుడు ఉత్త నీళ్ళ దాకా వచ్చాం, మొదటి నాలుగు రాత్రులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. బియ్యపు గింజంత పేస్ట్ అంటే ఎంతో తెలీక నిజంగానే ఒక గింజ తీసి బ్రష్ పక్కన పెట్టి కొలుచుకున్నా, నేను ఇన్నాళ్ళూ వేసింది దానికి ఐదారు రెట్లు ఉంటుంది.

ఆర్వో పెట్టించాం, బయటికొచ్చే నీళ్ళు ప్లాస్టిక్ సీసాలో పట్టి పంపితే 0.2 వచ్చింది. వంటకి కూడా అవే.

గారపళ్ళమనిషి అన్నయ్యా, మీరు చెప్పినట్టు వాణ్ణి అడిగా. ముందు ఏం లేదన్నాడు, పడుకున్నాక చీకట్లో చెప్పాడు, ఒకబ్బాయి సుద్దపళ్ళు అని పిలుస్తున్నాడట. రెండు నెలల నుంచి. పళ్ళు నీ తప్పు కాదురా, నువ్వు చిన్నప్పుడు తాగిన నీళ్ళలో ఒకటి ఎక్కువైంది, అంతే, ఇష్టమైతే తర్వాత డాక్టర్ దగ్గర సరిచేయించుకుందాం అన్నా. మరి వాడికి కూడా అదే చెప్పనా అమ్మా అన్నాడు. చెప్పమన్నా.

పాప పళ్ళు ఫోటో తీసి పెట్టుకున్నా, మూడు నెలలకి మళ్ళీ వార్నిష్‌కి రమ్మన్నారు, అప్పుడు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసి ఇక్కడే రాస్తా.