14 జట్లు మారిన ఎడ్విన్ జాక్సన్: చేతకానివాడా, అందరికీ కావలసినవాడా?

స్లైడర్_శీను:
ఐపీఎల్‌లో ఆరన్ ఫించ్ తొమ్మిది జట్లు మారితేనే మనకి వింతగా అనిపించింది. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఎడ్విన్ జాక్సన్ 2003 నుంచి 2019 దాకా 14 జట్లకి పిచింగ్ (మన బౌలింగ్ లాంటిది) చేశాడు. అతని పేరిట 107 గెలుపులు, 133 ఓటములు. ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున (ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి కాక) ఇచ్చిన పరుగులు, 4.78. నేననేది ఒకటే. బాగా వేసేవాణ్ణి ఎవరూ వదులుకోరు. గంటకి 95 మైళ్ల వేగం చూసి ప్రతి కోచ్‌కీ "మన దగ్గరైతే దారికొస్తాడు" అని ఆశ పుట్టేది. ఏడాది తిరిగేసరికి తత్వం బోధపడేది. కాదంటారా?

బుల్‌పెన్_బాబాయ్:
కాదంటాను శీనూ. 14 అని గంపగుత్తగా లెక్కేయకు, ఏ జట్టు ఎలా వచ్చిందో విడదీసి చూడు.

డాడ్జర్స్ డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, తీసుకున్నారు. అక్కడి నుంచి టాంపా బే, డెట్రాయిట్, అరిజోనా, వైట్ సాక్స్, కార్డినల్స్ (సెయింట్ లూయిస్ జట్టు) అన్నీ ట్రేడ్‌లే. ట్రేడ్ అంటే అవతలివాడు తన ఆటగాణ్ణి ఇచ్చి మరీ ఇతన్ని తీసుకున్నట్టు. 2011 జులై 27న అయితే వైట్ సాక్స్ నుంచి టొరంటోకి, అదే రోజు టొరంటో నుంచి సెయింట్ లూయిస్‌కి వెళ్లాడు. చేతకానివాడి కోసం ఒక్క రోజులో రెండు బేరాలు జరుగుతాయా? తర్వాత నేషనల్స్, కబ్స్ తామే పిలిచి డబ్బిచ్చారు. కబ్స్ ఇచ్చింది నాలుగేళ్లకి 5.2 కోట్ల డాలర్లు.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. 2015 జులైలో కబ్స్ ఇతన్ని జట్టు ప్రధాన ఆటగాళ్ల 40 మంది జాబితాలోంచి తప్పించారు. అలా తప్పించినవాణ్ణి వేవర్స్‌లో, అంటే కావాలంటే మిగతా జట్లు తీసుకోవచ్చని ఇచ్చే గడువులో, ఎవరైనా పట్టుకుంటే మిగిలిన ఒప్పందం మొత్తం వాళ్ల నెత్తిన పడుతుంది. అందుకని ఎవరూ కదలరు. పాత జట్టు రిలీజ్ చేశాక అయితే కొత్తవాళ్లు లీగ్ కనీస జీతం ఇస్తే చాలు, మిగతాది పాతవాళ్లే కట్టాలి. 2015లో ఆ కనీసం ఏడాదికి 5,07,500 డాలర్లు, అందులోనూ మిగిలిన రోజుల వంతు మాత్రమే. అత్త సొమ్ము అల్లుడు దానం. బ్రేవ్స్, మార్లిన్స్, పాడ్రెస్ మూడూ ఏడాది తిరగకుండానే వచ్చాయంటే కారణం ఇదే. అది ఒప్పందం కాగితం చేసిన పని, చేతి లోపం కాదు.

లెఫ్టీ_లత:
బాబాయ్ గారు కాగితాలు బాగా చదివారు గానీ బంతి సంగతి వదిలేశారు. కబ్స్ ఎందుకు తప్పించారు? 2013లో 8–18 (8 గెలుపులు, 18 ఓటములు), ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ ఓటములు. 2014లో ఈఆర్ఏ 6.33.

జబ్బు ఒకటే, వాక్‌లు, అంటే నాలుగు చెడ్డ బంతులు వేసి బ్యాటర్‌ని ఊరికే మొదటి బేస్‌కి పంపడం. 2010 జూన్ 25న అరిజోనా తరఫున టాంపా బే మీద వేసిన నో-హిట్టర్ (అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) చూడండి. మొదటి మూడు ఇన్నింగ్స్‌లోనే ఏడు వాక్‌లు, మొత్తం ఎనిమిది. మూడో ఇన్నింగ్స్‌లో ఒక్కరూ అవుట్ కాకముందే మూడు బేస్‌లూ వాక్‌లతోనే నిండాయి. అయినా పరుగు రాలేదు. 149 పిచ్‌లు వేసి 1–0తో గెలిచాడు. ఇప్పుడు 2011 వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) నాలుగో మ్యాచ్, కార్డినల్స్ తరఫున టెక్సాస్ మీద. ఏడు వాక్‌లు. ఆరో ఇన్నింగ్స్‌లో ఇద్దర్ని బేస్‌ల మీద వదిలి దిగాడు. వెనకొచ్చిన రిలీవర్ (మధ్యలో దిగే పిచర్) మొదటి బంతికే మైక్ నాపోలీ హోమ్ రన్ కొట్టాడు. మ్యాచ్ 4–0తో పోయింది. వేసిందీ అదే చెయ్యి, చేసిందీ అదే తప్పు. ఒక రాత్రి చరిత్ర, ఒక రాత్రి ఓటమి.

వేగం ఉంటే సరిపోదు. కౌంట్ (చెడ్డ బంతులు–స్ట్రైక్‌ల లెక్క) 2–0, 3–1కి వెళ్తే వచ్చేది ఫాస్ట్‌బాల్ అని బ్యాటర్‌కి తెలిసిపోతుంది. స్లైడర్‌ని (పక్కకి తిరిగే బంతిని) స్ట్రైక్ జోన్‌లో, అంటే బ్యాటర్‌కి అందే హద్దులో, పెట్టే నమ్మకం పిచర్‌కి ఉండదు. చూసి కాచుకున్నవాడికి 95 మైళ్లు కూడా నెమ్మదే.

డల్లాస్_వాసు:
ఆ 149 పిచ్‌లే చెయ్యి పాడుచేశాయని నా అనుమానం. మేనేజర్ ఏ.జె. హించ్ ఆపాల్సింది.

లెఫ్టీ_లత:
వాసు గారూ, ఆ మాట నిలవదు. నెల తిరిగాక వైట్ సాక్స్‌కి వెళ్లి 4–2, ఈఆర్ఏ 3.24. 2007 నుంచి 2013 దాకా వరసగా ఏడు సీజన్లు, ఏడాదికి 31 స్టార్ట్‌లకి (మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్‌గా దిగడాలకి) తగ్గలేదు. చెయ్యి పాడైనవాడు చేసే పనేనా అది?

బుల్‌పెన్_బాబాయ్:
అమ్మా లతా, నా వాదన నువ్వే చెప్పేశావు! ఏడాదికి 31 స్టార్ట్‌లంటే ప్రతి ఐదో రోజూ మేనేజర్‌కి బెంగ లేదన్నమాట. నాలుగో, ఐదో స్టార్టర్‌గా అలాంటివాడు లేకపోతే ట్రిపుల్-ఏ (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింది లీగ్) నుంచి కుర్రాళ్లని తెచ్చి నింపాలి. దానికి ఆప్షన్లు (కుర్రాణ్ణి మళ్లీ కిందికి పంపే పరిమిత అవకాశాలు) ఖర్చవుతాయి, రిలీవర్లు అలిసిపోతారు. అది ఈఆర్ఏ గడిలో కనిపించదు.

స్లైడర్_శీను:
సరే, ఓపిక ఉన్న చెయ్యి అని ఒప్పుకుంటా. కానీ రిచ్ హిల్ అనే ఇంకో పిచర్‌ని ఇతనితో పోల్చి చూడండి. అతనిదీ 14 జట్లే. 2015లో లాంగ్ ఐలాండ్ డక్స్ అనే స్వతంత్ర లీగ్ జట్టులో రెండు మ్యాచ్‌లు వేశాడు, అప్పటికే 35 ఏళ్లు. రెడ్ సాక్స్ వాళ్లు తీసుకుని కర్వ్‌బాల్ (వంపు తిరిగి కిందికి పడే బంతి) ఎక్కువ వేయమన్నారు. సెప్టెంబర్‌లో నాలుగు స్టార్ట్‌లు, 29 ఇన్నింగ్స్, 36 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం), ఐదే వాక్‌లు. మరుసటి ఏడాది ఓక్లాండ్ 60 లక్షల డాలర్లు, ఆ తర్వాత డాడ్జర్స్ మూడేళ్లకి 4.8 కోట్లు. వేగం లేకపోయినా పద్ధతి మార్చాడు, నిలబడ్డాడు. జాక్సన్ ఎప్పుడు మార్చాడు?

డల్లాస్_వాసు:
జాక్సన్‌కి 2018లో ఓక్లాండ్‌లో 17 స్టార్ట్‌లు, 6–3, ఈఆర్ఏ 3.33. ఆ జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. అతను వచ్చింది మాత్రం మైనర్ లీగ్ (కింది స్థాయి) ఒప్పందం మీద.

స్లైడర్_శీను:
మరుసటి ఏడాదే టొరంటో, డెట్రాయిట్ కలిపి 3–10, ఈఆర్ఏ 9.58. టొరంటో అతన్ని తెచ్చుకుంది నగదు ఇచ్చి, ఆటగాణ్ణి ఇచ్చి కాదు. మీ ట్రేడ్ లెక్కలో దీన్ని ఏ గడిలో వేస్తారు బాబాయ్?

బుల్‌పెన్_బాబాయ్:
ముసలితనం గడిలో. 35 నిండిన స్టార్టర్‌కి మరి నగదే గదా ఇస్తారు! 2011లో అతని కోసం ఇచ్చినవాళ్ల పేర్లు రాయమంటావా?