బంగారి పలకకు ఆటవెలది: పాదాలు ఎక్కడ తడబడుతున్నాయి?

ప్రశ్న (శ్రీకాకుళం):
మా పిల్లి బంగారి పోయింది. నిమ్మచెట్టు మొదట్లో పెట్టే రాతి పలక మీద చెక్కించడానికి ఈ పద్యం రాశాను. ఆటవెలది అనుకునే రాశాను గానీ, పైకి చదివితే నడక రావడం లేదు. ఎక్కడ తప్పిందో చెప్పండి.

అరుగుమీద నిద్ర, అటకమీద కాపలా
పాలగిన్నె దగ్గర పలకరింపు
నువ్వు లేక గడప బోసిపోయింది
నిమ్మచెట్టు కింద నిద్రపో బంగారి

జవాబు (విజయనగరం):
అమ్మా, ఇందులో ఒక్క పాదం నిక్కచ్చిగా ఉంది, కానీ ఉండాల్సిన చోట లేదు. గణమంటే లఘువుల (పొట్టిగా పలికే అక్షరాలు), గురువుల (సాగదీసి, లేదా ఊది పలికేవి) కూర్పు. సూర్యగణాలు రెండు: న (మూడు లఘువులు), హ లేదా గలం (గురువు, లఘువు). ఇంద్రగణాలు ఆరు: నగ, సల, నల, భ, ర, త. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, ఆపైన రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరడం, నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) నియమం లేదు.

మీ నాలుగో పాదం విడదీస్తే నిమ్మ / చెట్టు / కింద / నిద్రపో / బంగారి. హ, హ, హ, ర, త. ని–ని యతి కుదిరింది. అయితే ఇది బేసి పాదం నడక. ‘బంగారి’ త గణం కాబట్టి సరి పాదంలో ఎక్కడా ఇమడదు. అక్షరం మార్చకుండా మూడో పాదానికి జరపండి, చాలు.

మొదటి పాదంలో ‘అటకమీ’ దగ్గరే నాలుగో గణం నిండిపోయింది. మిగిలిన ‘దకాపలా’ ఏ ఇంద్రగణమూ కాదు. ‘మీద’ తీసి ‘పై’ పెడితే అటకపై (నగ), కాపలా (ర) సరిగ్గా వస్తాయి. రెండో పాదంలో చిక్కు ‘దగ్గర’తో వచ్చింది. అది భ గణం, అక్కడ సూర్యగణం కావాలి. ‘బోసిపోయింది’ పాదంలో చివరి గణానికి ‘యింది’ ఒక్కటే మిగిలి పొట్టిదైంది, ను–బోకి యతీ లేదు. దాన్ని తిరగేసి నాలుగో పాదంగా ‘బోసిపోయె గడప పొద్దుపోక’ అనండి. బో–పొ యతి చెల్లుతుంది. ప, ఫ, బ, భ, వ ఒకదానికొకటి యతిమైత్రి, ఓ–ఒ స్వరమూ కలిసింది.

ఇంకొకరు (పలాస):
‘దగ్గర’కు బదులు ‘చెంత’ బాగుంటుందా?

జవాబు (విజయనగరం):
గణానికి సరిపోతుంది. కానీ పాలగిన్నె పక్కన ‘చెంత’ కృతకంగా ఉంది. మన వైపు అనే ‘కాడ’ కూడా గలమే, అది పెట్టండి. గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లాలో ‘కాడ’ను రాతి మీద చెక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంకొకరు (బొబ్బిలి):
మొదటి పాదంలో ‘నిద్ర’ బదులు ‘కునుకు’ అంటే? మూడో పాదంలో మళ్లీ నిద్ర వస్తోంది కదా.

జవాబు (విజయనగరం):
కునుకు న గణమే, గణం చెడదు. చిక్కు సంధితో వస్తుంది. ఉకారం మీద అచ్చు వస్తే జరిగే ఉత్వసంధి నిత్యం, అంటే తప్పనిసరి కనక, పట్టింపుగా చూసేవాళ్లు ‘కునుకటకపై’ అని కలపాలంటారు. కలిపితే ఒక అక్షరం తగ్గి పాదం కుంటుతుంది. ‘నిద్ర’ అకారాంతం, అక్కడ సంధి బహుళం, అంటే చేయొచ్చు, మానొచ్చు. ‘నిద్ర యటకపై’ అని చదువుకోవచ్చు, అ–య యతి కూడా చెల్లుతుంది. పలక మీద కామా పెట్టి ‘అటకపై’ అనే ఉంచండి. నిద్ర రెండుసార్లు వచ్చినా నాకు బాగానే ఉంది, మొదటిది రోజూ పోయే నిద్ర, రెండోది ఇది.

ప్రశ్న (శ్రీకాకుళం):
ఇంట్లో పిలిచేది ‘బంగారీ’ అని. ఆ దీర్ఘం ఉంచవచ్చా?

జవాబు (విజయనగరం):
ఉంచితే మూడు గురువులై మ గణమవుతుంది, అది ఇంద్రగణాల్లో లేదు. రాతలో హ్రస్వం ఉంచండి. చదివేటప్పుడు మీ నోట దీర్ఘం దానంతటదే వస్తుంది. మొన్న ఎవరో ‘మార్జాల రత్నమా’ అని సూచించారు. అది వద్దండీ, మీ బంగారిని ఎవరూ అలా పిలిచి ఉండరు.

అరుగుమీద నిద్ర, అటకపై కాపలా,
పాలగిన్నె కాడ పలకరింపు,
నిమ్మచెట్టు కింద నిద్రపో బంగారి,
బోసిపోయె గడప పొద్దుపోక.

ఇంకొకరు (టెక్కలి):
చెక్కించే ముందు రెండు మాటలు. మొదటి పాదమే పొడవు, 14 అక్షరాలు. అక్షరానికి అంగుళం చోటు, మాటల మధ్య ఖాళీ, అంచులు కలిపితే పలక 18 అంగుళాల వెడల్పుకి తగ్గకూడదు. వరసల మధ్య అక్షరమంత ఎత్తు ఖాళీ వదలమనండి. లేకపోతే ‘ద్ర’, ‘న్నె’, ‘మ్మ’, ‘ట్టు’ల ఒత్తులు కింది వరస గుడికట్లకు, తలకట్లకు తగులుతాయి. ఫోన్లో టైపు చేసి పంపిన పాఠం చెక్కేవారి కంప్యూటర్లో వేరే ఫాంటుకు మారేటప్పుడు ఒత్తులు విడిపోతుంటాయి, అందుకని కాగితం మీద అచ్చు తీయించి అక్షరం అక్షరం సరిచూశాకే ఉలి పెట్టనివ్వండి. ‘ద్ర’ బాగా రావడం లేదంటే రెండు చోట్లా ‘నిదుర’ రాయించినా గణం చెడదు. అప్పుడు మొదటి పాదం 15 అక్షరాలవుతుంది, వెడల్పు దాన్నిబట్టి చెప్పండి.