కరోనాలో కారు మీద వెయ్యి కిలోమీటర్లు: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

టెక్కలి_అబ్బాయి | 2020 జులై 11, రాత్రి 9:40
అందరికీ నమస్కారం. బెంగళూరులో మంగళవారం రాత్రి 8 నుంచి మళ్లీ లాక్‌డౌన్ అని ఇందాకే చెప్పారు. మా అమ్మ మార్చిలో మనవణ్ని చూసిపోదామని వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఊళ్లో నాన్న నాలుగు నెలలుగా ఒక్కరే చేయి కాల్చుకుంటున్నారు. సోమవారం తెల్లవారుజామున కారులో బయల్దేరదామని ఉంది. చిత్తూరు, నెల్లూరు, విజయవాడ, విశాఖ మీదుగా టెక్కలి. 1,100 కిలోమీటర్ల పైమాటే. నడిపేది నేనొక్కణ్నే. అమ్మకి 66, షుగరు, ఇన్సులిన్ మీద ఉంది. బాబుకి నాలుగేళ్లు. ఏకబిగిన పోవచ్చా, మధ్యలో ఎక్కడన్నా పడుకోవాలా? హోటల్ గది తీసుకోవచ్చా? కారులో ఏసీ వేయొచ్చా? ఆడవాళ్లకి బాత్రూముల సంగతేంటి? ఊళ్లోకి వెళ్లాక ఏం చేయాలి? ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

పలమనేరు_పద్మ | 10:05
అన్నా, ముందు పాస్ చూసుకోండి, ఏసీ తర్వాత. ఆంధ్రాలోకి రావడానికి స్పందన వెబ్‌సైట్‌లో పాస్ పెట్టేటప్పుడు బండి నంబరు ఒకటికి నాలుగుసార్లు సరిచూసుకోండి. మా తమ్ముడు పోయిన వారం బెంగళూరు నుంచి వచ్చినాడు. పాస్ పెట్టింది సొంత కారు మీద. బయల్దేరే పొద్దున బ్యాటరీ దిగిపోయిందని స్నేహితుడి కారు తెచ్చినాడు. కర్ణాటక సరిహద్దులో నంగిలి దాటినాక చెక్‌పోస్టులో ఆపి, నంబరు కలవలేదన్నారు. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న మా మరదలు చింతచెట్టు కింద దుప్పటి పరుచుకుని నాలుగు గంటలు కూర్చుంది. మళ్లీ పెట్టి, మెసేజ్ వచ్చినాకే కదిలినారు. పాస్, అందరి ఆధార్లు కాగితం మీద ప్రింటు తీసుకోండి. ఆ ఎండలో ఫోన్ తెర కనపడదు.

అమీర్‌పేట_హాస్టల్ | 10:31
చెక్‌పోస్టు పేరెత్తితే నాకిప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. మార్చి 25. హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. హైదరాబాద్‌లో పోలీస్ స్టేషన్ ముందు లైన్లో నిలబడి పాస్ తీసుకుని, ఇద్దరం బైక్ మీద బయల్దేరాం. ఆంధ్రా సరిహద్దు గరికపాడు వచ్చేసరికి మనుషులే మనుషులు. హైదరాబాద్‌లో ఇచ్చిన పాస్ ఆంధ్రాలో చెల్లదన్నారు. 14 రోజులు క్వారంటైన్‌కి ఒప్పుకుంటేనే లోపలికి. వెనక్కి పోదామంటే హాస్టల్‌కి తాళం. ఆ రాత్రంతా రోడ్డు మీదే. మాది జగ్గయ్యపేట పక్క ఊరు. మా ఇంటికి అక్కణ్నించి పావుగంట దారి. అమ్మ ఫోన్‌లో ఏడుపు, నేనిక్కడ ఏడుపు.

షార్ట్‌కట్_రాజు | 10:48
ఇన్ని బాధలెందుకండీ? మేలో నేను హైదరాబాద్ నుంచి ఏ చెక్‌పోస్టూ తగలకుండా కృష్ణా జిల్లాలో దిగాను. ఖమ్మం, మధిర దాటాక పొలాల మధ్య డొంకలు పట్టుకుంటే చాలు. ఓ ఊరి దగ్గర రోడ్డుకి కంప అడ్డం ఉంటే దిగి పక్కకి లాగి వెళ్లిపోయా. దారులు తెలిసినవాడికి రోడ్డు మూయడం ఎవరి తరం కాదు. కావాలంటే చెప్పండి, బెంగళూరు వైపు దారులు కూడా కనుక్కుని పెడతా.

లారీ_సూరిబాబు | 11:15
తమ్ముడూ టెక్కలీ, నేను 22 ఏళ్లుగా ఇచ్ఛాపురం, చెన్నై మధ్య బండి తోలుతున్నాను. లాక్‌డౌన్‌లో కూడా ఆగలేదు. నా మాట విను. పగలు ఎంతసేపైనా నడుపు, రాత్రి రెండు నుంచి అయిదు దాకా మాత్రం స్టీరింగ్ ముట్టుకోకు. ఆ మూడు గంటల్లో కళ్లు తెరిచే ఉంటాయి, మనిషి నిద్రపోతాడు. బెంగళూరులో నాలుగింటికి బయల్దేరితే సాయంత్రానికి విజయవాడ. అక్కడ ఆగిపో. మర్నాడు మిగిలిన దారి. రోడ్డు ఖాళీ కదా అని 120లో తొక్కేవాళ్లని చూస్తున్నాను. ఖాళీ రోడ్డు మీదే గేదెలు అడ్డంగా పడుకుంటాయి. తునికీ అన్నవరానికీ మధ్య రెండుసార్లు నా కళ్లారా చూశాను.

వత్సవాయి_రైతుబిడ్డ | 11:20
షార్ట్‌కట్ రాజు గారూ, ఆ కంప ఏ ఊరిదో తెలుసా మీకు? మా ఊరిదో, మా పక్క ఊరిదో అయ్యుంటుంది. ఏప్రిల్‌లో కుర్రాళ్లందరూ తుమ్మకంప కొట్టుకొచ్చి పొలిమేరలో వేశాం, వంతులు వేసుకుని రాత్రిళ్లు కాపలా కాశాం. ఊళ్లో ముసలివాళ్లే ఎక్కువ. మీలాంటివాళ్లు కంప లాగేసి కార్లు పోనిస్తుంటే చివరికి జేసీబీ తెప్పించి రోడ్డుకి అడ్డంగా గుంట కొట్టించారు. ఆ గుంట వల్ల మా పిన్ని కూతురికి నొప్పులొచ్చిన రాత్రి ఆటో ఊళ్లోకి రాలేదు. మంచం మీద మోసుకెళ్లి గుంట అవతల ట్రాక్టరు ఎక్కించాం. బిడ్డ దక్కింది కాబట్టి మామూలుగా రాస్తున్నాను. మీరు ఇక్కడికొచ్చి గొప్పగా చెప్పుకుంటున్నారు.

షార్ట్‌కట్_రాజు | 11:34
గుంట నేను కొట్టించానా? రోడ్డు తవ్వడం మాత్రం చట్టమా? పొరుగూరి మనిషిని దొంగలా చూసింది మీ ఊళ్లే. నీళ్లడిగితే దూరం నుంచే పొమ్మని కర్ర చూపించారు.

వత్సవాయి_రైతుబిడ్డ | 11:39
భయమండీ. భయంతో చూపించారు. మీకు నీళ్లిచ్చిన మనిషికి జబ్బొస్తే మీరొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తారా? విజయవాడ దాకా అంబులెన్సులో తీసుకెళ్లాల్సింది మేం.

లారీ_సూరిబాబు | 11:52
నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మార్చి, ఏప్రిల్‌లో దాబాలన్నీ మూత. క్యాబిన్‌లో చిన్న గ్యాస్ పొయ్యి పెట్టుకుని గంజి, పచ్చిమిరపకాయ తిని నడిపాం. మీ ఇళ్లకి పప్పు, ఉప్పు, మందులు వచ్చింది మా బండ్ల మీదే. ఒక ఊళ్లో బోరింగ్ దగ్గర బకెట్ పెట్టగానే నలుగురు పరిగెత్తుకొచ్చారు. సబ్బు రాసుకున్న మనిషిని, ఒళ్లు కడుక్కోనివ్వలేదు. అలాగే బండెక్కి వెళ్లిపోయాను. నెల్లూరు దాటాక ఒక పెట్రోలు బంకు కుర్రాడు పైపు ఇచ్చి, పోసుకో బాబాయ్ అన్నాడు. ఆ కుర్రాడి ముఖం మాస్కులో ఉంది, మళ్లీ చూస్తే గుర్తుపట్టలేను.

నెల్లూరు_అక్క | జులై 12, ఉదయం 6:20
ఆయన అడిగిన బాత్రూముల ప్రశ్న ఒక్కరికీ పట్టలేదు. మగవాళ్లు చెట్టు చాటుకి పోయి వచ్చేస్తారు, పదిహేను గంటల ప్రయాణంలో ఆడదాని అవస్థ వాళ్లకేం తెలుస్తుంది? జూన్‌లో చెన్నై నుంచి నెల్లూరు మూడు గంటల దారి, ఆగి ఆగి ఏడు గంటలు పట్టింది. బాత్రూముకి వెళ్లాల్సి వస్తుందని నేను నీళ్లు తాగలేదు. ఇంటికొచ్చాక మంట, జ్వరం. జ్వరం అనగానే అందరూ కరోనా అనుకుని ఆమడ దూరం జరిగారు. మీ అమ్మగారికి షుగరు. ఆవిణ్ని నీళ్లు మానేయనివ్వకండి. పెద్ద బంకులే చూసి ఆగండి, టోల్‌గేట్ల దగ్గర కూడా ఉంటాయి. ఓ మగ్గు, ఫినాయిల్ సీసా, రెండు లీటర్ల నీళ్లు మీవే పట్టుకెళ్లండి. లోపల కుళాయి ముట్టుకోవాల్సిన పని ఉండదు. బొత్తిగా దిక్కులేని చోట కారు రెండు తలుపులూ తెరిచి మధ్యలో పాత చీర కట్టండి. పెద్దావిడకి ఒంగి కూర్చోవడం కష్టం. మధ్యలో కోసిన ప్లాస్టిక్ స్టూలు ఒకటి డిక్కీలో పడేసుకుంటే చాలు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

విశాఖ_నర్సు | 7:02
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇన్సులిన్ ఐసుకి ఆనించి పెట్టకండి, గడ్డ కడితే పారేయడమే. చల్లటి నీళ్ల సీసా పక్కన గుడ్డలో చుట్టి, సీటు కింద నీడలో పెట్టండి. కారు ఎండలో ఆపితే సంచీ మీతోపాటే దిగాలి. సూది వేశాక తిండి ఆలస్యం కాకూడదు. చెక్‌పోస్టు దగ్గర ఎంతసేపు ఆపుతారో తెలియదు కాబట్టి బిస్కెట్లు, అరటిపళ్లు, పంచదార పొట్లం ఆవిడ చేతి సంచీలోనే ఉండాలి. చెమటలు, వణుకు మొదలైతే ముందు పంచదార నోట్లో వేయండి, తర్వాతే మిగతావి. రెండు గంటలకోసారి దింపి నాలుగడుగులు వేయించండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా.

పొన్నూరు_బాబు | 7:30
శానిటైజర్ మాత్రం కారులో పెట్టొద్దు!! ఎండకి బాంబులా పేలుతుంది. మా గ్రూపులో కాలిపోయిన కారు ఫొటో వచ్చింది.

కెమిస్ట్రీ_మాస్టారు | 7:44
ఆ ఫొటో నాకూ వచ్చింది బాబూ. 19 ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి రసాయనశాస్త్రం చెబుతున్నాను. ఆల్కహాల్ దానంతటది అంటుకోవాలంటే 350 డిగ్రీలు దాటాలి. మండుటెండలో మూసిన కారు అందులో పావువంతు వేడి కూడా ఎక్కదు. పక్కన నిప్పు ఉంటే మాత్రం ప్రమాదమే. చేతికి రాసుకుని, ఆరకముందే అగ్గిపుల్ల గీయొద్దు. ఎండలో ఉంచితే ఆల్కహాల్ ఆవిరైపోయి పనితనం తగ్గుతుంది, అంతే. ఇక ఏసీ. ఒకే ఇంట్లో కలిసి తిని పడుకునేవాళ్లు ఒకే కారులో ఏసీ వేసుకుంటే కొత్తగా వచ్చేదేమీ లేదు. బయటి మనిషి ఎక్కితే మాత్రం అద్దాలు దించాల్సిందే.

పొన్నూరు_బాబు | 7:50
పుస్తకాల లెక్కలు వేరు, బతుకు వేరు మాస్టారూ.

కెమిస్ట్రీ_మాస్టారు | 7:53
ఆ లెక్కల వల్లే పెట్రోలు టాంకు మీద కూర్చుని ధైర్యంగా ప్రయాణం చేస్తున్నాం.

ఇందూరు_తమ్మి | 8:26
అందరు కార్ల ముచ్చటే చెప్తున్నరు. నేను మే నెలల నాగ్‌పూర్ కెళ్లి నిజామాబాద్ వచ్చిన, పాస్ తీస్కొనే. 44 నంబర్ రోడ్డు మీద ఎదురుంగ మొత్తం నడిచేటోళ్లే. పిల్లల్ని భుజాల మీద ఏస్కొని, నెత్తి మీద మూటలు. మే 1న లింగంపల్లి కెళ్లి జార్ఖండ్‌ల హటియాకు వలస కూలీల మొదటి రైలు పోయింది గని, అండ్ల పట్టింది 1,200 మందే. మిగిలినోళ్లు రోడ్డు మీదనే ఉన్నరు. ఆదిలాబాద్ దాటకముందు ఒకామె ఆగి మమ్ముల నీళ్లడిగింది. కాళ్లకు నీళ్ల సీసాలు కోసి తాళ్లతోని కట్టుకుంది, చెప్పులు తెగిపోయినయట. మా అమ్మ తన చెప్పులు ఇడిచి ఇచ్చింది. ఇంటిదాక ఒట్టి కాళ్లతోనే వచ్చింది. అన్నా, నువ్వు పోయేటప్పుడు రెండు జతల చెప్పులు, ఓ డబ్బా నీళ్లు ఎక్కువేస్కో.

షార్ట్‌కట్_రాజు | 9:10
రాత్రి నిద్ర పట్టలేదు. వత్సవాయి తమ్ముడికి ఒక మాట చెప్పాలి. నేను సరదాకి రాలేదు. మా నాన్న పోయారు. పాస్ పెట్టాను, మూడు రోజులైనా రాలేదు. నాకన్నదమ్ముల్లేరు. తలకొరివి మా బాబాయి కొడుకు పెట్టాడు. పదకొండో రోజుకైనా అందాలని ఆ డొంకన పడ్డాను. ఇక్కడ గొప్పగా రాశాను, అది తప్పే. కానీ ఆ కంప లాగేటప్పుడు నా చేతులకి గుచ్చుకున్న ముళ్లు మా అమ్మ తీసింది.

వత్సవాయి_రైతుబిడ్డ | 9:31
మీ నాన్నగారి సంగతి తెలియదండీ. బాధగా ఉంది. అయినా దారులు ఇలా నలుగురికీ చెప్పకండి. ఇంకొకరు అదే దారిలో వస్తారు. కాపలా దగ్గర నిలబడి మాకు విషయం చెప్పుంటే మేమే పెద్దవాళ్లతో మాట్లాడి పంపేవాళ్లం. అలా ఇద్దర్ని పంపించాం కూడా.

షార్ట్‌కట్_రాజు | 9:36
కర్ర చూపించినవాళ్లతో ఎలా మాట్లాడతామండీ. సరే, ఆ దారుల మాట ఇక ఎత్తను.

డీజిల్_లెక్క | 10:15
జూన్ 7 నుంచి పెట్రోలు, డీజిల్ బాగా పెరిగాయి. బెంగళూరు నుంచి టెక్కలికి ఎంతవుతుందో ఎవరన్నా లెక్క కట్టారా? ఊరికే అడుగుతున్నా.

సోంపేట_కోడలు | 11:02
ఆయన ఆఖరి ప్రశ్నకి నేను చెప్తాను. మేం మే నెలాఖరున హైదరాబాద్ నుంచి వచ్చాం. దారి కష్టం రెండు రోజులే, అసలు కష్టం ఊళ్లోకి వచ్చాకే. మీరు బయల్దేరకముందే వలంటీరుకి, సచివాలయానికి ఫోన్ చేసి చెప్పండి. వాళ్లకి వేరేవాళ్ల నోటి ద్వారా తెలియకూడదు. నాన్నగారిని 14 రోజులు పక్కింట్లోనో మేడ మీదో ఉండమనండి. ఇన్నాళ్లు చేసుకున్న వంటే ఇంకో రెండు వారాలు చేసుకుంటారు. మా మామగారు ఈ మాటకి ఒప్పుకోలేదు. కొడుకుని చూసుకోకుండా ఉంటానా అని వాకిట్లోనే కౌగిలించుకున్నారు. మాకేమీ కాలేదు, ఆయనకీ ఏమీ కాలేదు. కానీ ఆ 14 రోజులూ ఆయన దగ్గినప్పుడల్లా నా గుండె ఆగిపోయేది. రాత్రి గోడకి చెవి ఆనించి వినేదాన్ని. ఆ పరిస్థితి తెచ్చుకోకండి.

టెక్కలి_అబ్బాయి | జులై 15, మధ్యాహ్నం 2:10
అందరికీ దండాలు. నిన్న సాయంత్రం చేరాం. పాస్ ప్రింటు తీసుకున్నా, నంబరు నాలుగుసార్లు చూసుకున్నా. నంగిలి దగ్గర గంటన్నర ఆపారు, టెంపరేచర్ చూసి వదిలారు. విజయవాడలో గది తీసుకున్నాం, దుప్పట్లు మావే పరుచుకున్నాం. స్టూలు, పాత చీర నాలుగుసార్లు పనికొచ్చాయి. నెల్లూరు అక్కకి అమ్మ మరీ మరీ చెప్పమంది.

చిలకపాలెం టోల్ దాటాక అమ్మ మాట్లాడటం మానేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇంటికి చేరేసరికి నాన్న ఎదురింటి అరుగు మీద తువ్వాలు మూతికి కట్టుకుని నిలబడ్డారు. సోంపేట కోడలు గారి మాట ముందే ఫోన్‌లో చెప్పాను కాబట్టి ఒప్పుకున్నారు. మా కోసం పొయ్యి మీద అన్నం, ఆనపకాయ పులుసు వండి, తలుపు తీసి పెట్టి, తను బయటికి వెళ్లిపోయారు. వీధికి ఇటు అమ్మ, అటు నాన్న. ఉప్పు తక్కువైందని అమ్మ ఇక్కణ్నించి కేకేసింది. బాబు తాతా అని పరిగెత్తబోతే మా ఆవిడ పట్టుకుంది, వాడు ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు. ఇంకా 13 రోజులు.

ఇందూరు తమ్ముడూ, చెప్పులు రెండు జతలు కొన్నాను. నడిచేవాళ్లు కనపడలేదు. ఆనందపురం దగ్గర రోడ్డు పనిచేసే అమ్మాయికి ఒక జత ఇచ్చాను. రెండోది డిక్కీలోనే ఉంది.

మిర్యాలగూడ_వాసి | జులై 15, సాయంత్రం 6:45
వాడపల్లి దాటి పొందుగుల చెక్‌పోస్టు దగ్గర ఇప్పుడు వదులుతున్నరా? గుంటూరు ఆసుపత్రిల మా అత్తమ్మ ఉంది. రేపు పొద్దున పోవాలె.

పలమనేరు_పద్మ | 6:52
మాది ఆ వైపు కాదన్నా. పాస్ ఇప్పుడే పెట్టేయండి, ఆసుపత్రి కాగితాలు కూడా దగ్గర పెట్టుకోండి. బండి నంబరు చూసుకోండి.